ఆయి ఇంటి కిరాయి

కిరాయి అన్న మాట ఆయి నోట మొదటి రెండేళ్లలో నేను ఒక్కసారి కూడా వినలేదు. ఆమె పొయ్యి వెలిగేది మాత్రం మేమిచ్చే కిరాయితోనే.

ఆయి మా ఇంటి యజమానురాలు. ఆదిలాబాద్ వైపు మరాఠీ మాటలు తెలుగులో కలిసిపోయి ఉంటాయి. తల్లిని ఆయి అని పిలిచేవాళ్లు అక్కడ చాలామంది. వీధి వీధంతా ఆమెను అట్లాగే పిలిచేది, మేమూ అదే అందుకున్నాం. భర్త పట్వారీగా చేసి పోయాడు. పిల్లలు లేరు. భూములు మరుదులతో నడిచిన దావాలో హరించుకుపోయాయి. ఆమెకు మిగిలింది గూనపెంకుల ఇల్లు, దాంతోపాటు పట్వారీ భార్యనన్న పట్టింపు. ఈ రెండోది మోయడమే ఎక్కువ కష్టం. వెనక గదిలో తాను ఉండి, ముందున్న రెండు గదులు మాకిచ్చింది. వీధిలో ఎవరింట్లో తగువు వచ్చినా ఆమె అరుగు మీదికే వచ్చేవారు. అలాంటి మనిషి ఇల్లు కిరాయికిచ్చుకుని తింటున్నదని నలుగురూ అనుకోవడం ఆమె దృష్టిలో అడుక్కుతినడంతో సమానం.

అందుకని ఆ ఇంట్లో కిరాయి ఇవ్వడానికి ఒక పద్ధతి ఉండేది. మేము దిగిన మొదటి నెల నేను పైసలు తీసుకుని వెళితే ఆయి చేతులు కొంగులో దాచుకుంది.

"నా చేతిల ఏం పెట్టకు పోరీ. అమాసనాడు దేవునికి పెట్టు. దేవుడే నాకిస్తడు" అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వితే బాగుండదని ఆపుకున్నాను. అప్పటి నుంచి ప్రతి అమావాస్యకూ ఇత్తడి పళ్లెంలో బియ్యం పోసి, పైసలు బియ్యం కింద దాచి, పైన తమలపాకూ వక్కా పెట్టి ఆమె దేవుని గూటిలో ఉంచి వచ్చేదాన్ని. నేను ఇవతలికి వచ్చాక ఆమె లోపలికి వెళ్లేది. సాయంత్రానికి కడిగిన పళ్లెం తిరిగి వచ్చేది, ఉత్తది కాదు, ఇంత చింతపండో బెల్లమో వేసుకుని. చూసినవాళ్లు నాకేదో మొక్కు ఉందనుకునేవారు. మేము ఆమె పుట్టింటి వైపు ఎరుకైనవాళ్లమనీ, పాపమని ఊరికే ఉంచుకున్నదనీ వీధిలో చెప్పుకునేవారు. ఆమె కాదనలేదు. మేమూ కాదనలేదు. "ఎట్లిస్తే ఏంది, ఇల్లు మంచిగున్నది" అన్నాడు మా ఆయన.

మాది మెట్‌పల్లి. మా ఆయన వాళ్లది మగ్గాల ఇల్లు. ఈయనకు నూలు కంటే ఇనుము మీద ప్రేమ ఎక్కువ. అన్నతో మాటామాటా పెరిగి, ఇక మగ్గం ముట్టనని ఒట్టు వేసుకుని, ఆదిలాబాద్‌లో పత్తి గింజలు తీసే మిల్లులో ఇంజను ఫిట్టరుగా చేరాడు. నేను రావడానికి నా కారణం నాకుంది. మెట్‌పల్లిలో నా మొదటి కాన్పుకు మంత్రసాని ఆలస్యంగా వచ్చింది. బిడ్డ దక్కలేదు. ఆ బిడ్డ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. దాని గురించి ఇంతకంటే రాయను. ఆదిలాబాద్‌లో సర్కారు దవాఖాన ఉంది, నర్సు ఉంది, అది ఆయి ఇంటి నుంచి నడిచిపోయేంత దూరంలో ఉంది. మళ్లీ కడుపు పండాక నేను ఈ ఊరు వదిలి కదిలేది లేదని మా ఆయనతో ముందే చెప్పాను.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో, పత్తి బండ్లు బారులు తీరే కాలంలోనే మిల్లు మూతపడింది. భాగస్తుల తగువు. ఒకరు వేసిన తాళం మీద ఇంకొకరు తాళం వేశారు. గేటు ముందు పత్తి బండ్లు నిలబడి నిలబడి తిరిగిపోయాయి. మా ఆయన పనిముట్ల పెట్టె భుజాన వేసుకుని ఇంటికొచ్చి, దాన్ని మంచం కిందికి తోసి, ఆ రోజంతా ఆ మంచం మీదనే పడుకున్నాడు. తర్వాత అంగడిలో బస్తాలు మోయడానికి వెళ్లాడు. ఫిట్టరు చేతులకు ఆ పని అలవాటు లేదు. దొరికినరోజు తినేవాళ్లం.

అప్పుడు వీధిలో డప్పు మోగింది. మిల్లు బందయి పని పోయినవాళ్లకు ఆరు నెలల పాటు ఇంటి కిరాయి సర్కారే కడుతుందని చాటింపు. పైసలు కిరాయిదారు చేతికి కాదు, ఇంటి యజమాని చేతికే ఇస్తారు. రెవెన్యూ కచేరీ నుంచి గిర్దావరు వచ్చి విచారిస్తాడు, ఇరుగుపొరుగులో ఇద్దరి సాక్ష్యంతో పంచనామా రాసుకుంటాడు, అంతే.

మా ఆయన నమ్మలేదు. "సర్కారు తీసుకునుడే చూసినం గని ఇచ్చుడు ఎన్నడు చూసినం?" అన్నాడు. అయినా కచేరీకి వెళ్లి దరఖాస్తు పెట్టి వచ్చాడు.

ఇక్కడ మేము ఒక పని చేయాల్సింది, చేయలేదు. ఆయికి ముందుగా చెప్పలేదు. చెప్పాలంటే ఆమె ముందు కిరాయి అన్న మాట అనాలి. రెండేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ పలకని మాట.

"నువ్వే చెప్పు, ఆడోళ్లు ఆడోళ్లు మాట్లాడుకుంటే మంచిగుంటది" అన్నాడు ఆయన.

"ఇంటి పెద్ద నువ్వు, నువ్వే చెప్పు" అన్నాను నేను.

నువ్వంటే నువ్వని ఇద్దరం ఒకరి మీద ఒకరం నెట్టుకుంటూ కూర్చున్నాం. ఈలోగా గిర్దావరు సైకిలు మీద వచ్చేశాడు.

మిట్టమధ్యాహ్నం. వీధంతా బయట ఉంది. ఎదురుగా కిరాణా షావుకారును, పక్కింటి జవానును సాక్ష్యం చెప్పే పంచులుగా పిలిచారు. జవాను అంటే పాత సర్కారులో పోలీసు చేసి ఇంటికొచ్చిన పెద్దమనిషి. గిర్దావరు కాగితాలు తొడ మీద పెట్టుకుని ఆయి అరుగు మీద కూర్చుని, వీధి చివరి దాకా వినపడే గొంతుతో అడిగాడు.

"అమ్మా, వీళ్లు నీకు కిరాయి ఎంతిస్తరు?"

ఆయి నెత్తి మీద కొంగు సర్దుకుంది. ఆమె ముఖం ఎర్రబడటం నేను తలుపు చాటు నుంచి చూశాను. చుట్టూ మనుషులు. అడిగినవాడు సర్కారు మనిషి. ఎందుకు అడుగుతున్నాడో ఆమెకు తెలియదు. ఆమెకు తెలిసింది ఒక్కటే, ఇన్నేళ్ల పరువు నడివీధిలో పెట్టి అడుగుతున్నారని.

"కిరాయా?" అంది. "పని పోయి కూసున్న పోరగాని దగ్గర, కడుపుతోటున్న పోరి దగ్గర నేను కిరాయి తింటనా? నా పిల్లలు వీళ్లు. నా ఇంట్ల ఉంటున్నరు. గంతే."

"వా ఆయీ!" అన్నాడు షావుకారు. జవాను తల ఊపాడు. ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు.

గిర్దావరు మా ఆయన వైపు తిరిగాడు. "మరి నువ్వు కిరాయికున్నమని దరఖాస్తు పెట్టినవు గదా?"

ఆయన ఆయిని చూశాడు, వీధిని చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. "ఆయి చెప్పినంక నేను చెప్పేదేముంది సాబ్" అన్నాడు.

గిర్దావరు ఉర్దూలో ఏదో గీకాడు. అప్పటికి సర్కారు మారినా రాత మారలేదు. పంచులు దస్తకతులు చేశారు. షావుకారైతే పెళ్లి లగ్నపత్రిక మీద చేసినంత సంబరంగా చేశాడు.

లోపలికి రాగానే నేను మా ఆయన మీద విరుచుకుపడ్డాను. "నోట్ల నాలుక లేదా? పండిన చేను ఆవుకు మేపినట్టాయె!"

"పదిమందిల ఆమెను అబద్ధాలదాన్ని చేయమంటవా?" అన్నాడాయన నెమ్మదిగా.

ఆయన మాట న్యాయమైనదే. అందుకే నా కోపం ఇంకా పెరిగింది. ఆ పూట అన్నం వడ్డించి, పళ్లెం ఆయన ముందు గట్టిగా పెట్టాను. అంతకంటే చేయగలిగింది లేదు.

అసలు సంగతి ఆయికి సాయంత్రం తెలిసింది. జవాను భార్య పొగడటానికి వచ్చింది. "సర్కారు ఇంటికొచ్చి ఇస్తనన్న కిరాయి గుడ వద్దన్నవట ఆయీ! నీయసొంటిది పుట్టది" అంది. జవాను భార్య వెళ్లాక ఆయి దీపం కూడా పెట్టకుండా అరుగు మీదనే కూర్చుండిపోయింది. మా వైపు రాలేదు.

ఆ అమావాస్యకు నా పళ్లెంలో బియ్యం ఉన్నాయి, కింద ఏమీ లేదు. బియ్యం కూడా సగమే. పళ్లెం చింతపండుతో తిరిగి వచ్చింది. వాడుక తప్పకూడదని ఆమె పట్టు. మింగలేక కక్కలేక ఉన్నాం ఇద్దరమూ. పదిమందిలో అన్న మాటకు ఆమె కట్టుబడి ఉంది కాబట్టి మమ్మల్ని అడగదు, ఖాళీ చేయమనదు, ఇంకొకరికి ఇచ్చుకోదు. ఇక తినడం దేనితో?

సాయంత్రాలు ఆమె పొయ్యిలోంచి పొగ రావడం మానేసింది. నేను ఇంత జొన్న గట్క తీసుకుపోతే, ఈరోజు సోమవారం ఉపాసం అనేది. మర్నాడు మంగళవారం. ఆ మర్నాడు ఏకాదశి. గురువారం దత్తుడు, శనివారం హనుమంతుడు. ఆమె పంచాంగంలో ఉపవాసం లేని రోజు మిగల్లేదు. బింకం మాత్రం తగ్గలేదు. అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను పలకరిస్తూనే ఉంది. వాళ్లు దండం పెడుతూనే ఉన్నారు. పెట్టిన దండాలతో కడుపు నిండేదైతే ఆ వీధిలో ఆమెకంటే బలిసినవాళ్లు ఉండేవారు కాదు.

ఒకరోజు ఆమె బావి దగ్గర బిందె ఎత్తలేక దించేసింది. మా ఆయన చూశాడు. ఆ రాత్రే చెప్పాడు.

"మనం ఈడ ఉన్నన్ని రోజులు ఆమె ఉపాసమే. మెట్‌పల్లికి పోదాం."

"అన్న దగ్గర మగ్గం ముట్టనని ఒట్టేసుకున్నవు గదా?"

"ఒట్టు నాది. ఆకలి ఆమెది" అన్నాడు.

కడుపు మీద చేయి వేసుకుని పడుకున్నాను. భయమేసింది. ఇంత సూటిగా రాయడానికి ఇప్పుడు సిగ్గు లేదు. ఆ ఊరికి తిరిగిపోతే ఈ బిడ్డ కూడా దక్కదనిపించింది.

పొద్దున నేనే వెళ్లి ఆయికి చెప్పాను, బండి మాట్లాడుకున్నామని, వచ్చే వారం పోతున్నామని.

"పురుడు?" అంది.

"ఆడనే."

నా మొదటి కాన్పు సంగతి ఆమెకు తెలుసు. నన్ను ఒక్కసారి చూసింది. చేతికర్ర తీసుకుంది, చెప్పులు వేసుకుంది, మా ఆయనను వెంట రమ్మని కచేరీకి బయలుదేరింది.

అక్కడ జరిగింది మా ఆయన చెబితే తెలిసింది. గిర్దావరు ముందు నిలబడి, "నేను చెప్పింది అబద్ధం. కిరాయి తీసుకుంట" అని ఆమె తన నోటితో అంది. గిర్దావరు మంచివాడే. కూర్చోబెట్టి, ఒకసారి రాసిన పంచనామా మార్చాలంటే పంచులు రావాలన్నాడు. షావుకారునూ జవానునూ పిలిపించాడు. వాళ్లిద్దరూ ఒకటే మాట.

"ఆయి మనసే గంత సాబ్. పిల్లలు ఎల్లిపోతున్నరని పానం ఆగక అబద్ధమాడుతుంది. ఆమె కిరాయి తినుడు మేం కంటితోటి చూడలే" అన్నాడు షావుకారు.

అది నిజమే. ఎవరి కంటా పడకుండా రెండేళ్లు కాపాడుకున్నది ఆమే.

"నీ మనసు మంచిదమ్మా. గని సర్కారు మనసు జూసి పైసలియ్యదు" అన్నాడు గిర్దావరు.

ఆయి తిరిగి వచ్చి అరుగు మీద కూలబడింది. నేను మంచినీళ్లు ఇచ్చాను. "నన్ను నమ్ముతలేరు పోరీ" అంది, బాధ కంటే ఎక్కువగా ఆశ్చర్యంతో. అబద్ధమాడిన రోజు చేతులెత్తి మొక్కినవాళ్లు, నిజం చెప్పిన రోజు తల అడ్డంగా ఊపారు. ఈ లోకం తీరు నాకు అప్పుడే కొంత అర్థమైంది. తర్వాత ఆ అభిప్రాయం పెద్దగా మార్చుకోవలసిన అవసరం రాలేదు.

రెండు రోజులకు అంగడి రోజు వచ్చింది. వీధి నిండా మనుషులు, బండ్లు. నేను గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతున్నాను. ఆయి విసురుగా మా గదిలోకి వచ్చింది. నా ఇత్తడి బిందె తీసి వీధిలోకి విసిరింది. అది దొర్లుకుంటూ పోయి షావుకారు మెట్లకు తగిలింది. వెనకనే బొంత పోయింది, చీరల మూట పోయింది, నా చేతిలోని చాట కూడా పోయింది. పనిముట్ల పెట్టె ఎత్తలేక గుమ్మం దాకా ఈడ్చింది.

"కిరాయి ఇస్తలేరు!" అని అరిచింది. "ఎన్ని నెలలాయె! నా ఇల్లేమన్న ధర్మసత్రమా? ఎల్లిపోండి!"

ఆమెకు అంత గొంతు ఉందని నాకు తెలియదు. ఆకలితో మతి చెదిరిందేమో అనుకున్నాను. "ఏందిది ఆయీ, గిదేంది" అంటూ ఏడ్చాను. నటన కాదు, నిజంగానే ఏడ్చాను. జవాను పరుగున వచ్చాడు.

"కడుపుతోటున్న పిల్లను బజార్ల ఏస్తవా? నువ్వేనా ఆయీ?"

"నువ్వు కడతవా వీళ్ల కిరాయి?" అని ఆయి అతని మీదికి లేచింది. "అమాసకమాస నా దేవుని గూట్ల బియ్యం కింద పెట్టేది ఏమనుకున్నవు? కిరాయి! నేను కిరాయి తినే బతుకుతున్న. నా మొగడు పోయినకాంచి గదే తింటున్న. ఇప్పుడు బందయింది. నాకు కిరాయి గావాలె, లేకుంటే ఇల్లు గావాలె!"

షావుకారు ఉమ్మేశాడు. "థూ. ఇన్నొద్దులు దండం పెట్టింది గీమెకా" అన్నాడు.

ఆయి తలుపు వేసుకుంది. వాళ్లిద్దరూ అటునుంచి అటే కచేరీకి పోయారు. మమ్మల్ని ఆమె బారి నుంచి కాపాడటానికి పోయారు. ముసల్ది కిరాయి కోసం గర్భిణిని బజారున వేసింది, మా కళ్లతో చూశాం, మొన్న మేము చెప్పింది తప్పు, రాసుకొమ్మన్నారు. గిర్దావరు రాసుకున్నాడు. సర్కారు కిరాయి మంజూరైంది.

ఆ రోజు వాళ్లు అటు పోయాక, వీధిలో చెల్లాచెదరైన సామాను ఏరుకుంటుంటే నాకు కళ్లు తెరుచుకున్నాయి. ఇత్తడి, బొంతలు, బట్టలు, చాట. పగిలేది ఒక్కటీ ఆమె విసరలేదు. మట్టి కుండలు పొయ్యి పక్కన పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. గూట్లో అద్దం ఉన్నచోటే ఉంది. నేను బొంత దులుపుకుంటూ వీధి మధ్యలోనే నిలబడిపోయాను. చూసినవాళ్లు నేను అవమానంతో నిలబడ్డాననుకున్నారు.

సామాను లోపల పెట్టి వెనక గదికి వెళ్లాను. ఆయి గోడకు ఆనుకుని కూర్చుని రొప్పుతోంది.

"అందరికి చెప్పుత ఆయీ, నువ్వు గిట్ల ఎందుకు చేసినవో" అన్నాను.

"నోరు మూస్కో. మల్ల గిర్దావరు వస్తడు" అంది. అంతటితో ఆ సంగతి ఆమె తరఫున ముగిసింది.

సర్కారు పైసలు ఆమె కచేరీకి నడిచిపోయి నలుగురిలో నిలబడి తీసుకుంది. నా బిడ్డ సర్కారు దవాఖానలో నర్సు చేతుల్లో పుట్టింది. ఆడపిల్ల. పుట్టగానే ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను ఎంత నవ్వానంటే నర్సు నన్ను కోప్పడింది. తర్వాతి పత్తి కాలానికి భాగస్తులు రాజీపడ్డారు, మిల్లు తెరిచారు, మా ఆయన మళ్లీ ఇంజను దగ్గరికి వెళ్లాడు. మేము ఆ ఇంట్లోనే ఉన్నాం.

ఆయి అరుగు మీదికి మాత్రం తర్వాత ఎవరూ రాలేదు. తగువులు జవాను ఇంటికి మళ్లాయి. షావుకారు ఆమెకు సరుకు తూచి ఇచ్చేవాడు, ముఖం చూసేవాడు కాదు. జవాను భార్య తోడుకు మజ్జిగ పోయడం మానేసింది. సర్కారు కిరాయి గడువు తీరిపోయాక నేను ఇంటింటికీ చెప్పాను, అది నా కోసం చేసిందని, ఆ రోజు ఆమె కడుపులో మెతుకు కూడా లేదని. విన్నవాళ్లు జాలిపడ్డారు, నా మీద. నాది మెత్తని మనసట. చేసిన అన్యాయం మరిచి వెనకేసుకొస్తున్నానట. ఇది ఆయి చెవిన పడితే నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండింది.

కొన్నేళ్లకు ఒక వానాకాలం ఆమె జ్వరంతో పోయింది. వీధిలో తలుపులు సగం తెరిచి చూశారు, ఎవరూ దిగలేదు. పాడె మోయడానికి మా ఆయన మిల్లు నుంచి ముగ్గురిని పిలుచుకొచ్చాడు. తలకొరివి ఆయనే పెట్టాడు. నేను బిడ్డను ఎత్తుకుని వీధి చివరి దాకా ఏడుస్తూ నడిచాను. షావుకారు కొట్లోంచి చూస్తూ, "నిన్ను బజార్ల ఏసినదానికి గింత ఏడుస్తవా బిడ్డా" అన్నాడు.

చంకలో ఉన్న బిడ్డను చూపించాను. "గిది బతికున్నది ఆమె వల్లనే" అన్నాను.

ఆయన తల ఊపాడు. పాపం, దుఃఖంలో ఏదో అంటోంది అనుకున్నట్టు, ఎంతో మంచిగా తల ఊపాడు. ఆ మంచితనాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.